తెలుగు మాధ్యమం పిల్లలూ, కోర్టుకు రండి

లా కాలేజీలో చేరడానికి రాసే లాసెట్ ఫలితాలు వచ్చాక వారం పది రోజుల పాటు మా ఆఫీసుకు కేసులతో సంబంధం లేని మనుషులు వస్తుంటారు. కొడుకునో కూతురినో వెంటబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళే ఎక్కువ. "ర్యాంకు వచ్చిందండీ, చేర్పించమంటారా?" అని మొదలుపెడతారు. రెండు నిమిషాలు గడిచాక అసలు దిగులు బయటపడుతుంది. "మా అమ్మాయి మొదటి నుంచీ తెలుగు మీడియమేనండీ. కోర్టులో అంతా ఇంగ్లీషే కదా, నెగ్గుకు రాగలదా?"

నేను తెనాలిలో సివిల్ కేసులు చేసే న్యాయవాదిని. నాన్న కౌలు రైతు. పది వరకు ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలు, ఇంటరూ డిగ్రీ తెనాలిలో, లా గుంటూరులో. 2012లో ఎన్‌రోల్ అయ్యాను. అప్పటికి రాష్ట్రం ఒకటే కాబట్టి హైదరాబాదు వెళ్ళి బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకొని వచ్చాం. ఇన్నేళ్ళలో ఇంగ్లీషు రాక ఈ వృత్తి మానేసిన వాళ్ళను నేను చూడలేదు. చేతిలో డబ్బు ఆడక మానేసిన వాళ్ళను మాత్రం చాలామందిని చూశాను. ఈ టపా ఆ రెండు సంగతుల గురించే.

ముందు భాష. కింది కోర్టులో ఒక సివిల్ కేసు కట్ట విప్పి చూడండి. దావా, జవాబు దావా, అఫిడవిట్లు ఇంగ్లీషులో ఉంటాయి. మిగిలిందంతా దాదాపు తెలుగే. విక్రయ దస్తావేజు, స్వాధీన అగ్రిమెంటు, పంపకాల కాగితం, వీలునామా, ప్రామిసరీ నోటు, కౌలు కాగితం, పొలం ఎవరి సాగులో ఉందో చూపే అడంగల్, పాసుపుస్తకం. కేసు నిలిచేదీ పోయేదీ ఈ కాగితాల మీదే. యాభై అరవై ఏళ్ళ కిందటి దస్తావేజు గొలుసుకట్టు రాతలో ఉంటుంది. హద్దుల్లో తూర్పున డొంక, దక్షిణాన బోదె, పడమర ఫలానా వారి మెరక అని రాసి ఉంటుంది. డొంక అంటే పొలాలకు పోయే బండ్ల దారి, బోదె అంటే చిన్న పంట కాలువ, మెరక అంటే ఎత్తు నేల. నగరంలో చదువుకొని వచ్చిన పిల్లలు ఆ కాగితం ముందు తికమకపడటం చూశాను. గట్ల మీద తిరిగిన పిల్లలకు అది చదువుతుండగానే పొలం కళ్ళకు కడుతుంది. సాక్షి మాట్లాడేదీ తెలుగే. బోనులో నిలబడి అతను చెప్పిందంతా ఇంగ్లీషు రికార్డులో సరిగ్గా ఎక్కుతోందా లేదా అని చెవి ఒగ్గి చూసుకోవడం జూనియర్ మొదటి రోజు నుంచీ చేయగలిగిన పని. అది రెండు భాషలూ ఎరిగినవాళ్ళ పని.

ఒక ఇంజంక్షన్ దావా సంగతి చెబుతాను. మనుషులను గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. ఎకరం పైచిలుకు మాగాణి. పట్నంలో ఉండే ఒకాయన, ఆ పొలం తన స్వాధీనంలో ఉందనీ, తానే సాగు చేసుకుంటున్నాననీ, మా క్లయింటు అందులోకి రాకుండా శాశ్వత నిషేధపు ఉత్తర్వు ఇవ్వాలనీ దావా వేశారు. మా క్లయింటు ఒక పెద్దావిడ. భర్త బతికి ఉన్నప్పటి నుంచీ ఆ పొలం కౌలుకు చేస్తున్న కుటుంబం వాళ్ళది. అడంగల్ నకళ్ళు దావా వేసినాయన పేరు మీదే ఉన్నాయి. ఆమె దగ్గర కాగితమంటూ ఏమీ లేదు. ఇలాంటి దావాలో దావా వేసిన నాటికి స్వాధీనం తనదేనని వాది రుజువు చేసుకోవాలి. కాబట్టి క్రాస్‌లో, అంటే ఆయనకు ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, నేను తేల్చవలసింది ఒకటే: ఆయన నిజంగా సాగు చేశారా?

పెట్టుబడి, కూలీలు, ఎరువుల గురించి అడిగితే గడగడా చెప్పారు. సిద్ధపడి వచ్చారని తెలుస్తూనే ఉంది. వరి తర్వాత ఏమి వేశారని అడిగాను. మినుము అన్నారు. ఎప్పుడు వేశారన్నాను. "వరి కోసి, కుప్ప వేశాక, పొలం దున్నించి చల్లించాను" అన్నారు.

మా డెల్టాలో మాగాణి మినుము ఎలా వేస్తారో ఇక్కడి రైతుబిడ్డ ఎవరైనా చెబుతారు. కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలబడి ఉన్న వరి చేలోనే, నేలలో పదును ఉండగా విత్తనం చల్లేస్తారు. దున్నడమన్నది ఉండదు. దున్నితే ఆ పదును కాస్తా ఆరిపోతుంది. చిన్నప్పుడు నాన్న వెనకే నడుము దాకా వచ్చే వరిలో నడుస్తూ ఆ గింజలు చల్లినదాన్ని నేను. ఆ జవాబు వినగానే వెనక బల్ల మీద కూర్చున్న ఊరివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను మాత్రం ఆ విషయం మీద ఇంకో ప్రశ్న వేయలేదు. కావలసిన జవాబు వచ్చాక క్రాస్‌లో అక్కడితో ఆగిపోవాలి. మరొకటి అడిగితే సాక్షికి సర్దుకునే వీలు మనమే ఇచ్చినట్టవుతుంది. ఆ మాట రికార్డులో ఉన్నదున్నట్టు ఎక్కిందని చూసుకొని వేరే విషయానికి వెళ్ళిపోయాను. తర్వాత మా వైపు సాక్షులుగా వచ్చిన పక్క పొలాల రైతులిద్దరు సాగు పద్ధతి అంతా వివరంగా చెప్పారు. ఆమె దగ్గర వడ్లు కొన్న వ్యాపారీ వచ్చి చెప్పాడు. ఒక్క జవాబుతో ఏ కేసూ గెలవదు. కానీ తీర్పులో ఒక పేరా మొత్తం ఆ మినుము మీదే ఉంది. దావా కొట్టేశారు.

కాగితం చూడటం మా సీనియర్ గారి దగ్గర నేర్చుకున్నాను. ఎవరైనా ప్రోనోటు చేతికిస్తే ఆయన ముందువైపు చదవకుండానే వెనక్కి తిప్పేవారు. నోటు మీద మూడేళ్ళలోపు దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. అయితే ఆ మూడేళ్ళూ తీరకముందే బాకీదారు అయిదు వందలైనా కట్టి, నోటు వెనక ఆ చెల్లు, అంటే కట్టిన సంగతి, తన చేత్తో రాసినా, రాసినదాని కింద సంతకం చేసినా, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క. బాకీదారు ఆ సంతకం నాది కాదని అడ్డం తిరుగుతాడు. అప్పుడు పోల్చి చూడటానికి, అతను తన వకీలుకు రాసిచ్చిన వకాల్తా మీది సంతకం పెద్దగా పనికిరాదు. గొడవ మొదలయ్యాక చేసిన సంతకాన్ని కావాలని మార్చి చేయవచ్చు కదా. అతను గతంలో ఎక్కడో రిజిస్ట్రారు ఆఫీసులోనో, బ్యాంకులోనో పెట్టిన సంతకం వెతికి తెప్పించాలి. నోటు కింద "దస్తూరి" అని సంతకం చేసినాయన, అంటే ఆ నోటు రాసిపెట్టినాయన, బతికి ఉన్నారేమో కనుక్కొని ఆయన ఊరు వెళ్ళాలి. ఈ పనుల్లో ఏది చేయడానికి ఇంగ్లీషు మీడియం కావాలి?

అలాగని ఇంగ్లీషు అక్కర్లేదని చెప్పడం లేదు. చట్టాలు చదవాలి, దావా రాయాలి. హైకోర్టు, సుప్రీంకోర్టుల వ్యవహారం రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ఇంగ్లీషులోనే నడుస్తుంది. అక్కడ కూడా కదలిక మొదలైంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ నవీన్ రావు, జస్టిస్ నగేశ్ భీమపాకల ధర్మాసనం ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు రాసింది. అయినా మీరు ఇంగ్లీషు నేర్చుకోవలసిందే. ధైర్యం చెప్పే సంగతి ఏమిటంటే, కోర్టు ఇంగ్లీషు చాలా చిన్న ప్రపంచం. అవే మాటలు, అవే వాక్యాలు తిరిగి తిరిగి వస్తాయి. నా జూనియర్లకు నేను చెప్పే పద్ధతి ఇది. తీర్పు వచ్చేసిన పాత కట్ట ఒకటి తీసుకోండి. ముందు దావా, ఆ తర్వాత జవాబు దావా, కోర్టు తేల్చవలసిన ఇష్యూలు, సాక్ష్యం వరుసగా చదవండి. తీర్పు మాత్రం చదవకుండా పక్కన పెట్టి, మీరే జడ్జి అయితే ఏమని తేలుస్తారో ఒక పేజీ రాయండి. అప్పుడు తీర్పు తెరవండి. మీరు చూడని కాగితాన్ని జడ్జిగారు ఎక్కడ చూశారో తెలుస్తుంది. నచ్చిన దావా ఒకటి చేత్తో మొత్తం ఎత్తి రాయండి, కంప్యూటర్‌లో కాదు, చేత్తోనే. ఏడాది తిరిగేసరికి మీ అంతట మీరు దావా రాయగలుగుతారు.

లాసెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, అందులో సగం న్యాయశాస్త్రం చదవడానికి తగిన నేర్పును చూసేవి. లా అయ్యాక రాయవలసిన బార్ పరీక్ష, అంటే ఏఐబీఈ కూడా తెలుగులో రాయవచ్చు. చట్టాల పుస్తకాలు దగ్గర పెట్టుకొనే రాస్తారు కాబట్టి ఏ సెక్షను ఎక్కడుందో తెలిసినవాళ్ళకు అది భయపడవలసిన పరీక్ష కాదు. ఇంకో మాట. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ చట్టాలు మూడూ మారిపోయాయి. జీవితమంతా 420 అంటూ వచ్చిన మోసం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318లో ఉంది. హత్య 302 నుంచి 103కి వచ్చింది. తల పండిన సీనియర్లు కూడా పాత, కొత్త సెక్షన్ల పట్టిక పక్కన పెట్టుకొనే వాదిస్తున్నారు. కొత్తగా వచ్చేవాళ్ళకు ఇంతకంటే మంచి అదను దొరకదు.

మొదటి ఏడాది మీకు అందరికంటే ఎక్కువ నేర్పేది గుమస్తా గారు. కోర్టు ఫీజు ఎంత కట్టాలి, సమన్లు పంపడానికి బత్తా ఎప్పుడు కట్టాలి, దావా ఎందుకు రిటర్న్ వచ్చింది, నకలు దరఖాస్తు ఏ రోజు పెడితే ఏ రోజుకు చేతికొస్తుంది, ఇవన్నీ ఆయనకు కంఠతా. లా కాలేజీలో మూడేళ్ళు చదివినా దావాకు నంబరు ఎలా పడుతుందో తెలియదు. ఆయనను గౌరవంగా అడగండి, చెబుతారు.

ఇక డబ్బు. మా వృత్తిలో పెద్దలు దీని గురించి నలుగురిలో మాట్లాడరు. అందుకే నేను రాస్తున్నాను.

నేను మొదట చేరిన ఆఫీసులో జూనియర్లకు ఒక్క రూపాయి ఇచ్చేవారు కాదు. పొద్దున్నే వెళితే రాత్రి పొద్దుపోయాక ఇంటికి. వాయిదాలు అడగడం, కేసు పిలిచేటప్పుడు నిలబడటం, కట్టలు మోయడం అన్నీ మేమే. జెరాక్సు ఖర్చు కూడా ఒక్కోసారి మా చేతి నుంచే పెట్టుకునేవాళ్ళం. కౌలు కట్టగా మిగిలిన డబ్బులోంచి నాన్న నాకు చార్జీలిచ్చేవారు. తెల్లవారుజామున పిల్లలకు లెక్కలు చెప్పి కొంత సంపాదించుకునేదాన్ని. తర్వాత వేరే సీనియర్ గారి దగ్గరికి మారాను. ఆయన మొదటి నెల ఒకటో తారీఖునే కవరు చేతిలో పెట్టి, "బస్సు చార్జీలకూ మధ్యాహ్నం భోజనానికీ ఇక మీ నాన్నగారిని అడగొద్దమ్మా" అన్నారు. నేను ఈ వృత్తిలో నిలబడటానికి కారణం ఆ కవరు.

అందరికీ అలాంటి సీనియర్ దొరకలేదు. మాతో చదివిన ఒకతను దావా రాస్తే దిద్దవలసిన అవసరం ఉండేది కాదు. చెల్లెలి పెళ్ళి అప్పు మీద పడింది, ఇన్సూరెన్సు కంపెనీలో చేరిపోయాడు. 2019లో గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగాలు పడినప్పుడు నాకు తెలిసిన జూనియర్లు కొందరు నల్లకోటు విప్పి అటు వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అదే ఏడాది డిసెంబరు 3న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లా నేస్తం అని మొదలుపెట్టి, కొత్త న్యాయవాదులకు మొదటి మూడేళ్ళ పాటు నెలకు 5,000 ఇచ్చింది. ప్రభుత్వాలు మారతాయి, పథకాలు మారతాయి. ఆ అయిదు వేలతో ఇంటద్దె కట్టుకొని కోర్టుకు వచ్చిన పిల్లలు మాత్రం నాకు తెలుసు. జూనియర్‌కు నిలదొక్కుకోవడానికి కావలసింది ఎంత తక్కువో అప్పుడే అర్థమైంది.

లోపలికి వచ్చే ఖర్చు కొంత తగ్గింది. ఎన్‌రోల్‌మెంటుకు చాలా రాష్ట్రాల బార్ కౌన్సిళ్ళు వేలకు వేలు వసూలు చేసేవి. అడ్వకేట్స్ చట్టంలో ఉన్న ఫీజుకు మించి తీసుకోకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ప్రకారం జనరల్ అభ్యర్థులకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సీనియర్లకు సూచించింది. సూచన మాత్రమే, కట్టుబాటు లేదు.

"మేమూ అలాగే పడ్డాం" అంటారు కొందరు పెద్దలు. పడ్డారు, నిజమే. కానీ ఆ పడటంలో ఎవరు మిగిలారో చూడండి. తండ్రి వకీలైన పిల్లలు, అయిదారు ఎకరాల సొంత పొలం ఉన్న ఇళ్ళ పిల్లలు ఓపిక పట్టగలిగారు. డొంక అంటే ఏమిటో, బోదె నీళ్ళు వంతుల ప్రకారం ఎలా పారతాయో ఎరిగిన కౌలు రైతుల పిల్లలు, కూలీల పిల్లలు మొదటి రెండేళ్ళలోనే వెనక్కి వెళ్ళిపోయారు. కోర్టుకు వచ్చే కక్షిదారుల్లో ఎక్కువమంది అలాంటి ఇళ్ళవాళ్ళే. వాళ్ళ బతుకు తెలిసిన వకీలు వాళ్ళకు దొరక్కుండా పోతున్నాడు. నాకు బాధ కలిగించేది ఇది.

టంగుటూరి ప్రకాశం గారిని అందరూ తలుచుకుంటారు. ఒంగోలులో తల్లి పూటకూళ్ళు వండి పెంచిన బిడ్డ. సెకండు గ్రేడు ప్లీడరుగా మొదలై, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, మద్రాసులో పేరున్న న్యాయవాది అయ్యారు. ఆయన పట్టుదల గురించి చెబుతారు కానీ, ఆయనను చేయి పట్టుకొని రాజమహేంద్రవరం తీసుకెళ్ళి చదివించిన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి గురించి తక్కువమంది చెబుతారు. మన బార్ అసోసియేషన్లలో ప్రకాశంలకు కొరత లేదు. హనుమంతరావు నాయుడు గార్లు కావాలి.

జడ్జి కావాలనుకునే పిల్లలకు ఈ డబ్బు ప్రశ్న ఇంకా గట్టిగా తగులుతోంది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాల్సిందేనని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాలేజీ నుంచి నేరుగా వచ్చి బెంచీ ఎక్కితే సాక్షిని, కక్షిదారును అర్థం చేసుకోవడం కష్టమని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ మూడేళ్ళూ తినేదెలా అనే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆ షరతు పెడితే పేదింటి పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, అది గోడలా అడ్డం నిలుస్తుంది. "మూడేళ్ళు ఊరికే తిరగడమెందుకు, పెళ్ళి చేసేద్దాం" అనే ఇళ్ళు నాకు తెలుసు.

ఆడపిల్లకు కోర్టు సరిపడుతుందా అని అడిగేవాళ్ళకు నా జవాబు పొట్టిదే. పుట్టింటి ఆస్తిలో వాటా కోసం వచ్చే ఆడవాళ్ళు మగ వకీలు ముందు చెప్పలేని మాటలు మాకు చెబుతారు. పెళ్ళికాని కూతుళ్ళకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. దేశమంతటికీ కూతుళ్ళ హక్కు 2005లో వచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత చట్టం ఉన్నా, "అన్నదమ్ముల మీద కోర్టుకెక్కావా" అనే ఒక్క మాటకు భయపడి ఆగిపోయినవాళ్ళు ఎందరో. వాళ్ళ పక్కన కూర్చొని మాట్లాడటానికి ఆడ వకీళ్ళు ఇంకా చాలామంది కావాలి.

ఆదాయం విషయంలో కొత్తవాళ్ళు తెలుసుకోవలసిన దారులు ఉన్నాయి. పొలం కొలతలకు, స్థల పరిశీలనకు కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను వేస్తుంది. ఆ ఫీజు చిన్నదైనా మీ సొంతం. పైగా తాడు పట్టుకొని సర్వేయరు వెంట నడిస్తే హద్దుల కేసు జీవితంలో మరిచిపోరు. పేదలకు ఉచితంగా వకీలును ఇచ్చే న్యాయసేవల సంస్థ ప్యానెల్‌లో చేరవచ్చు. క్రిమినల్ వైపు ఆసక్తి ఉంటే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థలో అసిస్టెంటు పోస్టులకు కొత్తవాళ్ళను కూడా తీసుకుంటారు, నెలవారీ పారితోషికం ఉంటుంది. సీనియర్‌ను ఎంచుకునేటప్పుడు పేరు ఎంత పెద్దదని చూడకండి. రోజూ ట్రయల్ జరిపే ఆఫీసా, జూనియర్ చేత సాక్షిని విచారించనిస్తారా, నెలనెలా ఏమైనా ఇస్తారా అని ముందే అడగండి. అలా అడగడం మర్యాద తప్పినట్టు కాదు.

మా ఆఫీసులో జూనియర్‌కు మొదటి నెల నుంచే పదివేలు ఇస్తున్నాను, కమిషన్ ఫీజు వాళ్ళదే. పదిహేను వేలకు పెంచాలని ఉంది, వచ్చే ఏడాదికి పెంచుతాను. తెనాలిలోనే ఇలా ఇస్తున్న ఆఫీసులు ఇంకొన్ని ఉన్నాయి. ఇద్దరు జూనియర్లను పెట్టుకొని ఇద్దరికీ ఏమీ ఇవ్వకపోవడం కంటే, ఒకరినే పెట్టుకొని బతకగలిగినంత ఇవ్వమని తోటి న్యాయవాదులను వేడుకుంటున్నాను.

ప్రస్తుతం మా దగ్గర ఒక చోటు ఖాళీగా ఉంది. ఎన్‌రోల్ అయినవాళ్ళెవరైనా కోర్టు వేళల తర్వాత వచ్చి కలవవచ్చు. ఇంగ్లీషు పరీక్ష ఏమీ పెట్టను. పాత దస్తావేజు ఒకటి చేతికిచ్చి, ఎవరు ఎవరికి ఏమి రాసిచ్చారో, ఆ భూమికి నాలుగు వైపులా ఏమున్నాయో చదివి చెప్పమంటాను.